బోరు నీటి తగవు: వలయంగా కూర్చుని మాట్లాడుకునే పద్ధతి

వేసవి ముదిరేసరికి బోర్లు ఒకదాని వెనుక ఒకటి ఎండిపోయే ఊళ్లో తగవు సాధారణంగా రచ్చబండ దగ్గరికి చేరుతుంది. పెద్దమనుషులు అరుగు మీద కూర్చుంటారు, తక్కినవారు నిలబడతారు, గట్టిగా మాట్లాడినవారి మాట చెల్లుతుంది. తప్పెవరిదో తేల్చడానికి ఆ పద్ధతి సరిపోవచ్చు. కానీ భూమి కింది నీటికి గట్లు లేవు కాబట్టి, ఈ తగవులో తీర్పు కన్నా ముందు ప్రతి ఒక్కరి మాటా పూర్తిగా వినవలసి ఉంటుంది. వలయంగా కూర్చోవడం ఆ వినడం కోసమే.

ఉత్తర అమెరికా ఆదివాసీ సమాజాల్లో ఇది పాత ఆచారం. 1992లో కెనడాలోని యూకాన్‌లో న్యాయమూర్తి బారీ స్టూవర్ట్ ఒక కేసులో శిక్ష నిర్ణయించే ముందు, నిందితుణ్ణి, అతని కుటుంబాన్ని, లాయర్లను, పోలీసులను, స్థానికులను వలయంగా కూర్చోబెట్టారు. కూర్చునే తీరు మారడంతో ఎవరు మాట్లాడారో, ఏం మాట్లాడారో కూడా మారిందని ఆయన తన తీర్పులో రాశారు.

పని సమావేశానికి వారం ముందే మొదలవ్వాలి. నడిపే వ్యక్తి ఇల్లిల్లూ తిరిగి, ముఖ్యంగా కౌలు రైతులనూ, స్వయంగా సేద్యం చేసే ఆడవాళ్లనూ విడిగా కలిసి, వారి మాట వినడానికే పిలుస్తున్నామని చెప్పాలి. పదిహేను మంది వరకు ఉంటే మంచిది, ఇరవై దాటితే రెండు వలయాలు వేయాలి. సర్పంచ్ ఇంటి ముందు కన్నా బడి వరండా మేలు. మోటార్లకు కరెంటు వచ్చే వేళ పెడితే సగం మంది చేలల్లోనే ఉంటారు. అందరూ చాప మీదైనా కూర్చోవాలి, అందరూ కుర్చీల్లోనైనా కూర్చోవాలి. ఒక్కరికి మాత్రం కుర్చీ వేస్తే అది మళ్లీ రచ్చబండే అవుతుంది.

వలయం మధ్యలో ఊరి బోర్ల నీటిమట్టాలు రాసిన చార్టు పరచాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని నిర్వహించుకునే ప్రాజెక్టు నడిచినప్పుడు, రైతులు తమ బావులను తామే కొలిచి, ఉన్న నీటికి ఏ పంట సరిపోతుందో లెక్క వేసుకున్నారు. తాము కొలిచిన అంకె కళ్ల ముందు ఉన్నప్పుడు వాదన సగం తగ్గుతుంది.

మాట్లాడే వంతును సూచించడానికి చేతిలో పట్టే వస్తువు ఒకటి కావాలి. బోరు వేసినప్పుడు బయటపడిన రాతిముక్క చాలు. రాయి ఎవరి చేతిలో ఉంటే వారే మాట్లాడాలి, మిగిలినవారు జవాబు ఇవ్వకూడదు, మాట్లాడదలచుకోనివారు రాయిని పక్కవారికి అందించవచ్చు. నడిపే వ్యక్తి కూడా తన వంతు వచ్చేదాకా ఆగాలి, అన్నిటికన్నా కష్టమైన నియమం ఇదే.

ప్రశ్న విషయంలో తొందరపడకూడదు. "ఎవరు ఎక్కువ తోడుతున్నారు?" అని అడిగితే వలయం క్షణంలో కోర్టవుతుంది. "కిందటి వేసవిలో మీ బోరు ఎప్పుడు ఎండింది, అప్పుడు ఇంట్లో ఏం జరిగింది?" అని అడగాలి. నేను కూర్చున్న ఒక వలయంలో ఒక కౌలు రైతమ్మ మొదటి చుట్టులో రాయిని ఊరికే పక్కకు అందించింది. రెండో చుట్టులో దాన్ని చాలాసేపు అరచేతిలో తిప్పుతూ ఉండిపోయి, గొర్రెలన్నీ అమ్మి వేయించిన బోరులో చుక్క పడలేదని చెప్పింది. రోజూ ఆమె చేను పక్కనుంచే నడిచే నాలుగు బోర్ల ఆసామి తలదించుకున్నాడు. ఆమె తిప్పుతున్నంతసేపూ ఎవరైనా "చెప్పమ్మా" అని తొందరపెట్టి ఉంటే ఆ మాట వచ్చేది కాదు. మౌనాన్ని నింపకండి.

రెండో చుట్టులో కొత్తగా ఏం విన్నారో, మూడో చుట్టులో ఎవరు ఏం వదులుకోగలరో అడగాలి. దూషణ మొదలైతే రాయిని మధ్యలో పెట్టి కాసేపు ఆపాలి. కొట్టడం, కులం పేరుతో అవమానించడం జరిగి ఉంటే దాన్ని వలయంలో రాజీ చేయబోకండి. అది చట్టం చూడవలసిన విషయం, భయపడుతున్న మనిషిని భయపెట్టినవారి ఎదుట కూర్చోబెట్టడం అన్యాయం.

నిర్ణయం అదే రాత్రి తేలకపోవచ్చు, తేల్చాలని పట్టుబట్టకూడదు. ప్రతిపాదన వచ్చాక రాయిని మరొకసారి తిప్పి, "అంతగా నచ్చకపోయినా అడ్డు చెప్పను" అనేంతవరకైనా అందరూ వచ్చారో లేదో చూడాలి. యాసంగిలో వరి ఎన్ని ఎకరాలు, ఆరుతడి పంటలు ఎన్ని ఎకరాలు, కొత్త బోర్లు వేయాలా వద్దా అన్నవి కాగితం మీద రాసి, లేచే ముందు గట్టిగా చదివి వినిపించాలి. కొత్త బోరు ప్రస్తావన వస్తే బోర్ల తవ్వకాన్ని నియంత్రించే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టాన్ని (వాల్టా) కూడా గుర్తు చేయాలి. మట్టాలు మళ్లీ కొలిచే తేదీని అక్కడే నిర్ణయించి, రాయిని వచ్చేసారి వలయాన్ని నడపబోయేవారి చేతికి ఇచ్చి పంపాలి.