కమాండ్ లైన్‌లో 7-జిప్‌తో ఈమెయిల్ బ్యాకప్: ఎక్కడ దెబ్బతింటుంది, ఎలా సరిచేసుకోవాలి

నా పాత ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ పోయినప్పుడు నేను పెద్దగా కంగారు పడలేదు. వారం వారం 7-జిప్‌తో (ఫైళ్లను కుదించి ‘ఆర్కైవ్’ అనే ఒకే ఫైల్‌గా కట్టే ప్రోగ్రామ్) తీసిన బ్యాకప్‌లు బయటి డిస్క్‌లో వరుసగా ఉన్నాయి. తెరిచి చూస్తే ఒక్కదానిలోనూ అవుట్‌లుక్ మెయిల్స్ దాచుకునే పీఎస్‌టీ ఫైల్ లేదు. నాన్న రాసిన మెయిల్స్ అన్నీ అందులోనే ఉండేవి. అందుకే ముందు ఆ సమస్య గురించే చెబుతాను.

కమాండ్‌లు, స్విచ్‌లు (కమాండ్‌కు తగిలించే ఆప్షన్‌లు) ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చేయండి. స్విచ్ ముందు మైనస్ గుర్తు తప్పనిసరి.

ఆర్కైవ్ తయారైంది, లోపల మెయిల్ ఫైల్ లేదు

అవుట్‌లుక్ తెరిచి ఉన్నంతసేపు పీఎస్‌టీ ఫైల్ దాని చేతిలోనే ఉంటుంది. 7-జిప్‌కు ఆ ఫైల్ దొరకదు, అయినా పని ఆపదు. దాన్ని వదిలేసి మిగతావాటితో ఆర్కైవ్ కట్టేస్తుంది. చివర్లో ‘వార్నింగ్: కెనాట్ ఓపెన్ 1 ఫైల్’ అని ఒక్క లైన్ చూపిస్తుంది. టాస్క్ షెడ్యూలర్‌తో రాత్రిపూట నడిపిస్తే ఆ లైన్ ఎవరి కంటా పడదు. నాకు జరిగింది ఇదే.

బ్యాకప్‌కు ముందు అవుట్‌లుక్ మూసేయండి. విండో మూసినా ప్రోగ్రామ్ వెనకాల కాసేపు నడుస్తూ ఉండొచ్చు కాబట్టి టాస్క్ మేనేజర్‌లో దాని పేరు పోయేదాకా ఆగండి. బలవంతంగా ‘ఎండ్ టాస్క్’ కొట్టకండి, పీఎస్‌టీ దెబ్బతినొచ్చు. తెరిచి ఉన్న ఫైల్‌ను కూడా తీసుకోవడానికి ‘ఎస్ఎస్‌డబ్ల్యూ’ అనే స్విచ్ ఉంది. మెయిల్ ఫైళ్లకు దాన్ని నమ్మొద్దంటాను. ఒక పక్క అవుట్‌లుక్ రాస్తుండగా ఇంకో పక్క కాపీ తీస్తే, సగం పాతది సగం కొత్తది కలిసిన ఫైల్ చేతికి రావచ్చు.

బ్యాచ్ ఫైల్ (కమాండ్‌లు వరుసగా రాసి ఉంచిన ఫైల్) వాడేవాళ్లు 7-జిప్ కమాండ్ తర్వాత వెంటనే ‘ఎర్రర్‌లెవెల్’ విలువ, అంటే పని ఎలా ముగిసిందో చెప్పే అంకె, చూసి లాగ్‌లో రాయించండి. 0 అయితే అంతా సరిగ్గా జరిగినట్టు. 1 వస్తే ఏదో ఫైల్ తప్పిపోయి ఉండొచ్చు, అది మీ మెయిలే కావచ్చు. 2 అంటే పెద్ద లోపం, 8 అంటే మెమరీ చాలలేదు. 8 వస్తే కుదింపు స్థాయిని చెప్పే స్విచ్‌ను ‘ఎంఎక్స్9’ నుంచి తగ్గించి ‘ఎంఎక్స్5’ పెట్టండి.

7జెడ్ అనే కమాండే లేదంటోంది, లేదా ఫోల్డర్ దొరకడం లేదంటోంది

మొదటిదానికి ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని 7-జిప్ ఫోల్డర్‌ను పాత్‌లో (కమాండ్‌ల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితా) చేర్చండి. రెండోది ఎక్కువగా ఖాళీల వల్ల వస్తుంది. ‘అవుట్‌లుక్ ఫైల్స్’ అనే ఫోల్డర్ పేరులో మధ్య ఖాళీ ఉంది కదా, కాబట్టి ఫోల్డర్ చిరునామా మొత్తాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టాలి.

ఎంత కుదించినా సైజు తగ్గడం లేదు

ఫొటోలు, పీడీఎఫ్‌లు, జిప్‌లు ముందే కుదించి ఉంటాయి, వాటిని పిండినా పెద్దగా తగ్గేదేమీ ఉండదు. థండర్‌బర్డ్ అనే ఇంకో మెయిల్ ప్రోగ్రామ్ ఫైళ్ల సంగతి కొంచెం వేరు. అటాచ్‌మెంట్లు మెయిల్‌లో బేస్64 రూపంలో (ఫైల్‌ను మామూలు అక్షరాలుగా మార్చి రాసే పద్ధతి) ఉంటాయి. ప్రతి 3 బైట్లకు 4 అక్షరాలు పడతాయి కాబట్టి ఆ పెరిగిన మేర చాలావరకు వెనక్కి వస్తుంది. అంతకంటే ముందు థండర్‌బర్డ్‌లో ‘కాంపాక్ట్ ఫోల్డర్స్’ నొక్కండి. మీరు డిలీట్ చేసిన మెయిల్స్ అప్పటిదాకా ఫైల్‌లోనే కూర్చుని ఉంటాయి. చివర ‘ఎంఎస్‌ఎఫ్’ ఉన్న ఫైళ్లు ఇండెక్స్‌లు మాత్రమే, మళ్లీ తయారవుతాయి. చోటు చాలకపోతే వాటిని వదిలేయొచ్చు.

పెన్ డ్రైవ్‌లో చోటున్నా కాపీ కావడం లేదు

డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ ఫైల్ ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి (లోపలున్నవన్నీ పోతాయి, ముందు తీసి పెట్టుకోండి). లేదా ‘వి4000ఎం’ స్విచ్‌తో ముక్కలు చేయండి. ముక్కల్లో ఒక్కటి తగ్గినా మొత్తం వెనక్కి రాదు, అందుకే నేను ఫార్మాట్ వైపే మొగ్గుతాను.

పాస్‌వర్డ్ పెట్టినా ఫైల్ పేర్లు కనిపిస్తున్నాయి

‘పి’ స్విచ్ లోపలి విషయాన్నే దాస్తుంది. పేర్లు కూడా దాచాలంటే ‘ఎంహెచ్ఈ=ఆన్’ చేర్చండి, 7జెడ్ ఫార్మాట్‌లోనే ఇది పనిచేస్తుంది. పాస్‌వర్డ్ మర్చిపోతే దారి లేదు, కాగితం మీద రాసి ఇంట్లో భద్రంగా పెట్టండి.

తెరిస్తే సీఆర్‌సీ ఎర్రర్ (ఫైల్ చెడిందని చెప్పే లోపం)

కాపీ మధ్యలో తెగి ఉంటుంది, లేదా కేబుల్, డిస్క్, ర్యామ్‌లలో ఏదో పాడై ఉంటుంది. కాపీ అయ్యాక బయటి డిస్క్‌లో ఉన్న ఫైల్ మీదే టెస్ట్ చేసే ‘7జెడ్ టి’ నడపండి. ‘ఎవ్రీథింగ్ ఈజ్ ఓకే’ వస్తేనే పాత బ్యాకప్ తీసేయండి. అయితే ఈ టెస్ట్ లోపలున్నవి బాగున్నాయో లేదో చూస్తుంది గానీ, లేనిదాన్ని లేదని చెప్పదు. అందుకు ‘7జెడ్ ఎల్’తో జాబితా తీసి, పీఎస్‌టీ పేరు, సైజు కళ్లతో చూసుకోండి.

వెనక్కి తీస్తే రెండు అకౌంట్లలో ఒకదాని మెయిలే వచ్చింది

థండర్‌బర్డ్ వాడేవాళ్లకు ఇది గుండె ఆగినంత పని చేస్తుంది, కానీ చాలాసార్లు ఏమీ పోయి ఉండదు. ‘ఇ’ కమాండ్ ఫోల్డర్లను పట్టించుకోకుండా అన్నిటినీ ఒకే చోట పోస్తుంది. ప్రతి అకౌంట్‌లోనూ ‘ఇన్‌బాక్స్’ అనే పేరుతోనే ఫైల్ ఉంటుంది కాబట్టి రాసేయమంటారా అని అడిగినప్పుడు సరే అంటే ఒకదాని మీద ఒకటి రాసేస్తుంది. ఆర్కైవ్‌లో రెండూ క్షేమంగానే ఉంటాయి. ఖాళీ ఫోల్డర్ ఒకటి చేసి, ఈసారి ఫోల్డర్లను అలాగే ఉంచే ‘ఎక్స్’ కమాండ్‌తో తీయండి.