వాహనం లోహభాగాలకు తుప్పు పట్టకుండా ఏ పూత ఎంచుకోవాలి?

వైర్ బ్రష్, ఎమరీ కాగితం, థిన్నర్, శుభ్రమైన గుడ్డలు, చేతి తొడుగులు, కళ్లద్దాలు, మాస్కు సిద్ధం చేసుకోండి. వాహనాన్ని జాకీ మీద వదిలేయకుండా స్టాండ్లపై నిలిపి, అడుగుభాగాన్ని కడిగి ఆరనివ్వండి.

పూత ఎంపిక భాగాన్ని బట్టి ఉంటుంది. రాళ్లు తగిలే చాసిస్‌కు, అంటే వాహనం అడుగు చట్రానికి, ఎపాక్సీ ప్రైమర్ (లోహానికి గట్టిగా అంటుకునే తొలిపూత) వేసి, దానిపై గట్టి పెయింటు వేయాలి. తలుపుల లోపల, చేయి దూరని సందుల్లో మైనపు పూత చల్లాలి. సైలెన్సర్‌కు వేడిని తట్టుకునే సిలికాన్ పెయింటే పనికొస్తుంది. జింక్ ప్రైమర్‌లోని జింక్ తాను ముందుగా క్షయమై ఇనుమును కాపాడుతుంది కాబట్టి, అది తుప్పులేని లోహాన్ని నేరుగా అంటుకోవాలి. పాత పెయింటు మీద వేస్తే ఆ గుణమే ఉండదు.

వాహనం అడుగున మందంగా వేసే తారు, రబ్బరు పూతలను (అండర్‌కోటింగులను) మాత్రం వాడవద్దు. వాటిలో పగులు వస్తే నీరు లోపలికి చేరి అక్కడే నిలుస్తుంది. పైకి నల్లగా నిగనిగలాడుతున్న అలాంటి పూతను స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూశాను. అరచేయంత పెచ్చు ఊడివచ్చింది, దాని వెనుక గోధుమరంగు తుప్పు పొరలు అంటుకుని ఉన్నాయి. మైనాన్ని ఏటా సరిచూసుకోవాలి, నిజమే, కానీ అది మెత్తగానే ఉంటుంది కనుక కింద ఏం జరుగుతోందో దాచదు.

అన్నిటికన్నా ఎక్కువగా పొరపాటు జరిగేది పూతకు ముందు చేసే శుభ్రతలోనే. పెచ్చులుగా లేచే తుప్పంతా రాలిపోయేవరకు గీకాలి. లోహం మెరవగానే ఆపేయకండి. వెలుతురును ఏటవాలుగా పడేలా పెట్టి చూస్తే చిన్న గుంటల్లో నల్లటి చుక్కలు కనిపిస్తాయి, అవీ తుప్పే. బ్రష్ అందని ఆ చుక్కలకు మాత్రమే రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పును స్థిరమైన పొరగా మార్చే రసాయనం, వాడాలి. వదులుగా ఉన్న తుప్పు మీద అది పైపొరనే మారుస్తుంది, అడుగున తుప్పు అలాగే ఉండిపోతుంది.

ఆ తర్వాత థిన్నర్‌తో తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరిపోకముందే మరో పొడి గుడ్డతో తుడవాలి. ఆలస్యమైతే కరిగిన జిడ్డు తిరిగి లోహం మీదే పేరుకుంటుంది. ఇక దాన్ని ఉత్త చేతులతో తాకకూడదు, చెమటలో ఉప్పు ఉంటుంది. తేమగాలిలో పూత లేని ఇనుము కొన్ని గంటల్లోనే ఎర్రబారుతుంది కాబట్టి ప్రైమర్ ఆ రోజే పడాలి. రేపటికి వాయిదా వేస్తే మళ్లీ మొదటి నుంచి రుద్దాల్సిందే.

బ్రేకు డిస్కులను, రబ్బరు బుష్‌లను టేపుతో మూసి, పలుచగా రెండు పూతలు వేయండి. చివరగా తలుపుల అడుగున నీరు కారే రంధ్రాలు పూతతో పూడిపోలేదని సన్నని తీగ దూర్చి చూసుకోండి.