మిర్రర్‌లెస్ కెమెరాలో ఫోకస్‌ను బొటనవేలికి మార్చుకోవడం ఎలా?

కొత్త మిర్రర్‌లెస్ కెమెరా చేతికి రాగానే చాలామంది మొదటి రోజే మెనూలోకి దిగి, కనిపించిన ప్రతి బటన్‌కీ ఏదో ఒక పని తగిలిస్తారు. వారం తిరిగేసరికి ఏది నొక్కితే ఏమవుతుందో వాళ్లకే గుర్తుండదు. అలా చేయకండి. రెండు వారాలు కెమెరా వచ్చింది వచ్చినట్టే వాడండి. దేనికోసం మాటిమాటికీ మెనూ తెరుస్తున్నారో రాసి పెట్టుకోండి. బటన్లు ఇవ్వాల్సింది వాటికే.

ముందు పనులు తేలికే. కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. వ్యూఫైండర్ పక్కనున్న చిన్న చక్రాన్ని, లోపలి అంకెలు స్పష్టంగా కనిపించేదాకా తిప్పండి. రా ఫార్మాట్ (సెన్సర్ పట్టిన సమాచారాన్ని దాదాపు మార్చకుండా దాచే ఫైలు), అపర్చర్ ప్రయారిటీ (లెన్సు ద్వారం ఎంత తెరవాలో మీరు చెబితే షట్టర్ వేగాన్ని కెమెరా చూసుకునే మోడ్), ఆటో ఐఎస్ఓ (వెలుతురుకు తగ్గట్టు సున్నితత్వాన్ని కెమెరాయే మార్చుకోవడం) పెట్టండి. ఐఎస్ఓ పైహద్దు 6400, కనీస షట్టర్ వేగం 1/250 సెకను. మనుషుల్ని తీసేటప్పుడు అంతకన్నా తగ్గకూడదు.

ఇక అసలు పని. షట్టర్ బటన్ సగం నొక్కితే ఫోకస్, పూర్తిగా నొక్కితే ఫొటో. ఒకే వేలికి రెండు పనులు. ఇందులో ఫోకస్‌ను వెనకున్న ఏఎఫ్-ఆన్ బటన్‌కు మార్చాలి. ఆ బటన్ లేకపోతే ఏఈఎల్ బటన్‌కు (వెలుతురు కొలతను లాక్ చేసే బటన్) ఆ పని అప్పగించండి. ఫోకస్ మోడ్ ఏఎఫ్-సి ఉండాలి, అంటే బటన్ నొక్కి ఉంచినంతసేపూ కెమెరా ఫోకస్‌ను సరిచేస్తూనే ఉండే మోడ్. కొన్ని కెమెరాల్లో దాన్నే సెర్వో అంటారు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఏఎఫ్-ఆన్ నొక్కితే ఫోకస్ అవుతోంది కదా, పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. షట్టర్ బటన్ ఇంకా ఫోకస్ చేస్తూనే ఉంటుంది. మీరు బొటనవేలితో కళ్లమీద ఫోకస్ పట్టి, వేలు తీసి, ఫ్రేమ్ కాస్త పక్కకు జరిపి షట్టర్ నొక్కగానే అది పోయి వెనక గోడను పట్టుకుంటుంది. మెనూలో షట్టర్ బటన్‌తో ఫోకస్ అయ్యే వరుసను వెతికి విడిగా ఆఫ్ చేయాలి.

ఆఫ్ అయిందో లేదో ఇలా చూడండి. మీటరు దూరంలో ఒక కప్పు పెట్టి బొటనవేలితో ఫోకస్ చేయండి. వేలు తీసేయండి. కెమెరాను దూరంగా ఉన్న గోడ వైపు తిప్పి షట్టర్ సగం నొక్కండి. గోడ మసగ్గానే ఉంటే సరిగ్గా కుదిరినట్టు. తేటపడితే మళ్లీ మెనూలోకి వెళ్లండి.

కదిలే మనిషికి బొటనవేలు నొక్కే ఉంచండి. నిలబడ్డ మనిషికి ఒకసారి నొక్కి వదిలేయండి. మోడ్ మార్చాల్సిన పనే లేదు. కంటిని గుర్తించే ఫోకస్ వచ్చాక ఇదంతా ఎందుకని అడుగుతుంటారు. ఫ్రేములో నలుగురుంటే అది తనకు నచ్చిన కన్ను పట్టుకుంటుంది. నాకు కావలసిన కన్ను దొరికిన క్షణంలో వేలు తీస్తే ఫోకస్ అక్కడే ఆగుతుంది. అందుకే రెండూ కలిపి వాడతాను.

కెమెరా ఇంకొకరి చేతికి ఇచ్చే ముందు షట్టర్ ఫోకస్ మళ్లీ ఆన్ చేయండి. ఒకసారి నేనది మర్చిపోయి స్నేహితుడికి ఇచ్చాను; అతను తీసిన ఒక్క ఫొటోలోనూ మొహాలు తేటగా రాలేదు. ఆ వరుసను మై మెనూలో (తరచూ వాడేవాటిని మీరే చేర్చుకునే పేజీ) అన్నిటికన్నా పైన పెట్టుకోండి.

అన్నీ కుదిరాక సెట్టింగ్‌లను కార్డులోకి సేవ్ చేసి, ఆ ఫైలును కంప్యూటర్‌లో దాచండి. కార్డు ఫార్మాట్ చేస్తే అదీ పోతుంది.