దగ్గినా తుమ్మినా మూత్రం జారుతుంటే చేయవలసిన వ్యాయామం

ప్రసవాల తర్వాత, ముట్లుడిగే వయసులో, దగ్గినప్పుడో బిందె ఎత్తినప్పుడో కొద్దిగా మూత్రం జారడం చాలామంది స్త్రీలకు ఉన్న బాధే. ఈ కారణంగా అలిపిరి మెట్లెక్కడానికి వెనుకాడేవారు, దర్శనం క్యూలో నిలవలేమని ఉదయం నుంచే నీళ్లు మానేసేవారు తిరుపతిలో ఉంటారు. నీళ్లు మానితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత రేపుతుంది, మలబద్ధకమూ పెరుగుతుంది.

మూత్రాశయాన్ని, గర్భసంచిని కింది నుంచి మోసే కటి కండరాలను బలపరచడమే దీనికి మొదటి చికిత్స. అపానవాయువును ఆపుకొనేటప్పుడు లోపలికి, పైకి బిగుసుకొనేవి ఈ కండరాలే. మూత్రవిసర్జన చేసి వచ్చి, పడుకొని గానీ కూర్చొని గానీ, ఊపిరి బిగబట్టకుండా, పిరుదులూ తొడలూ బిగించకుండా, ఈ కటి కండరాలను మాత్రమే 5 సెకన్లు బిగించి, అంతసేపూ పూర్తిగా వదలాలి. ఇలా 8 నుంచి 12 సార్లు, రోజుకు మూడు పూటలా చేస్తూ, మెల్లగా 10 సెకన్లకు పెంచాలి. ఫలితం తేలడానికి కనీసం 3 నెలలు పడుతుంది. చాలామంది రెండు వారాలకే విసిగి మానేస్తారు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని మాత్రం వ్యాయామంగా చేయకూడదు, ఎందుకంటే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు.

తుమ్ము వస్తుందనగా, బరువు ఎత్తబోయే ముందు ఈ కండరాలను బిగించడం నా దృష్టిలో అన్నిటికన్నా అక్కరకొచ్చే ఉపాయం.

మూత్రంలో రక్తం, మంటతో కూడిన జ్వరం, యోని వద్ద ఏదో జారినట్లు అనిపించడం ఉంటే వ్యాయామంతో కాలయాపన చేయక, స్త్రీవైద్య నిపుణులను గానీ తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రి యూరాలజీ (మూత్రవ్యాధుల) విభాగాన్ని గానీ సంప్రదించాలి.