క్రిస్మస్ క్విజ్‌కు మంచి ప్రశ్నలు తయారుచేసే పద్ధతి

డిసెంబరు వచ్చిందంటే మన సంఘాల్లో సెమీ క్రిస్మస్ కూడికలు, అపార్ట్‌మెంట్లలోనూ కార్యాలయాల్లోనూ వేడుకలు, విదేశాల్లోని తెలుగువారి సమావేశాలు వరుసగా మొదలవుతాయి. వాటిలో క్విజ్ నిర్వహించే పని ఎవరో ఒకరికి అప్పగిస్తారు. ఆ పని తీసుకున్నవారు ప్రశ్న ఎంత కష్టంగా ఉందో చూడడం కన్నా, జవాబు వెనుక ఒక కారణం ఉందా లేదా అని చూసుకోవడం మేలు. జవాబు విన్న తరువాత సభలో కూర్చున్నవారు “అలా ఎందుకు?” అని అడిగితే ఆ ప్రశ్న మంచిదన్నమాట.

ప్రశ్నకు ఒకే ఒక్క సరైన జవాబు ఉండేలా మాటలు కూర్చడం రెండో జాగ్రత్త. “జపాన్‌లో క్రిస్మస్‌కు ఏమి తింటారు?” అని అడిగితే వేయించిన కోడిమాంసం అన్నవారిదీ ఒప్పే, స్ట్రాబెర్రీలు పెట్టిన క్రీము కేకు అన్నవారిదీ ఒప్పే, అక్కడే జట్ల మధ్య తగవు మొదలవుతుంది. అదే ప్రశ్నను “1974లో దేశవ్యాప్తంగా సాగిన ఒక వ్యాపార ప్రచారం వల్ల జపాన్‌లో క్రిస్మస్ విందుగా స్థిరపడిన వంటకం ఏది?” అని మారిస్తే కెఎఫ్‌సి చికెన్ ఒక్కటే జవాబు అవుతుంది. క్రైస్తవులు చాలా తక్కువగా ఉన్న దేశంలో దానికోసం వారాల ముందే ఆర్డరు ఇస్తారని క్విజ్ మాస్టరు చెప్పవచ్చు.

తిండి రౌండుకు సామగ్రి పుష్కలంగా దొరుకుతుంది కాబట్టి ఎక్కువ ప్రశ్నలు అక్కడే పెట్టుకోవచ్చు. పోలండ్‌లో డిసెంబరు 24 రాత్రి ఆకాశంలో మొదటి నక్షత్రం కనిపించాకే భోజనానికి కూర్చుంటారు. సంప్రదాయం ప్రకారం మాంసం లేని పన్నెండు వంటకాలు వడ్డిస్తారు, అనుకోకుండా వచ్చే అతిథి కోసం ఒక చోటు ఖాళీగా ఉంచుతారు. నక్షత్రం మీద ఒకటి, ఖాళీ చోటు మీద ఒకటి చొప్పున ఈ ఒక్క భోజనం నుంచే రెండు ప్రశ్నలు వస్తాయి. గోవాలో చేసే బెబింకా అనే పొరల తీపి వంటకాన్ని ఒక పొర కాలిన తరువాతే దాని మీద మరొక పొర పోసి కాలుస్తారు కాబట్టి, దానికి అంత సమయం ఎందుకు పడుతుందో అడగవచ్చు. కేరళలోని తలస్సేరిలో 1883లో మాంబళ్ళి బాపు కాల్చిన క్రిస్మస్ కేకును దేశంలోనే మొదటిదని చెప్పుకుంటారు. అయితే “మొదటి” అనే మాటను రుజువు చేయడం కష్టం. ఊరునూ సంవత్సరాన్నీ ప్రశ్నలోనే చెప్పి, కేకు చేసినవారి పేరు అడగడం క్షేమం.

మన నేలకు చెందిన ప్రశ్న ఒకటి తప్పకుండా ఉండాలని నా అభిప్రాయం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చి చరిత్ర తిండితో ముడిపడినదే. కరవు రోజుల్లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ ఆకలితో ఉన్నవారికి నిర్మాణంలో పని కల్పించి తిండి పెట్టారు. అందువల్ల ఈ ప్రశ్నను కట్టడాల కింద కాక తిండి రౌండులో పెడితే వినేవారి మనసుకు మరింత దగ్గరగా చేరుతుంది.

పానీయాల విషయంలో సభను బట్టి నడుచుకోవాలి. 1826లో అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో ఎగ్‌నాగ్ (గుడ్లు, పాలు కలిపి చేసే పానీయం) కోసం విద్యార్థులు దొంగచాటుగా విస్కీ తెచ్చుకోగా, క్రిస్మస్ ముందు రాత్రి మొదలైన గొడవ తెల్లవారేసరికి తిరుగుబాటుగా మారింది. కార్యాలయంలో జరిగే వేడుకకు ఇది సరిపోతుంది. సంఘ కూడికలో అయితే జమైకావారు క్రిస్మస్‌కు అల్లం వేసి కాచే ఎర్రని “సోరెల్” పానీయం గురించి అడగండి. అది మన గోంగూర జాతి మొక్క కాయల చుట్టూ ఉండే ఎర్రని రేకులతో చేసేది. ఈ జవాబు చెప్పినప్పుడు పెద్దవాళ్ళ ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం మరే ప్రశ్నకూ రాదు.

సినిమా రౌండు చిన్నదిగా ఉంటే చాలు, ఎందుకంటే నటుల పేర్లు అడిగితే సినిమాలు చూసేవారికే లాభం. తెరవెనుక సంగతులు అడగండి. “హోమ్ అలోన్”లో పిల్లవాడు టీవీలో పెట్టే పాత నలుపు తెలుపు సినిమా నిజానికి ఎక్కడా లేదు. దాన్ని ఆ చిత్రం కోసమే తీశారు. 1946 నాటి “ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్” హక్కులను 1974లో పునరుద్ధరించకపోవడం వల్ల టీవీ కేంద్రాలు దాన్ని రుసుము లేకుండా ప్రతి డిసెంబరులో పదే పదే ప్రసారం చేశాయి, ఆ తరువాతే అది పండుగ సినిమాగా పేరు తెచ్చుకుంది. తెలుగులో 1978 నాటి “కరుణామయుడు”లో యేసు పాత్రధారి విజయచందర్ అని చాలామందికి తెలుసు కాబట్టి, దాన్ని పిల్లలకు వదిలేయవచ్చు.

ఆచారాల దగ్గర ప్రచారంలో ఉన్న కథలను వాస్తవాలుగా అడగకూడదు. శాంటా దుస్తులకు ఎర్రరంగు కోకాకోలా ఇచ్చిందన్నది అలాంటి కథే. ఆ సంస్థ 1931లో హాడన్ సండ్‌బ్లమ్ చేత బొమ్మలు వేయించడానికి ముందే ఎర్ర దుస్తుల శాంటా ఉన్నాడు. బాలయేసును చూడవచ్చిన “జ్ఞానులు ఎందరు?” అనే ప్రశ్నకు ముగ్గురని అందరూ అంటారు, కానీ మత్తయి సువార్తలో సంఖ్య లేదు, బంగారము, సాంబ్రాణి, బోళము అనే మూడు కానుకలే ఉన్నాయి. దీన్ని తికమకపెట్టే ప్రశ్నగా కాక “మత్తయి సువార్తలో జ్ఞానుల సంఖ్య చెప్పి ఉందా?” అని నేరుగా అడగడమే న్యాయం. రష్యాలో పండుగ జనవరి 7న రావడానికి కారణం అడిగితే, అక్కడి చర్చి పాటించే పాత జూలియన్ క్యాలెండరు ఇప్పుడు మనం వాడేదానికన్నా 13 రోజులు వెనుకబడి ఉందన్న వివరణతో జవాబు పూర్తవుతుంది.

ప్రతి ప్రశ్ననూ ఒక కార్డు మీద రాసి, వెనుక వైపు జవాబు, అంగీకరించదగిన ఇతర జవాబులు, రెండు వాక్యాల వివరణ రాసుకోండి. ఒకదాన్ని చూసి మరొకటి రాయని రెండు చోట్ల ఆ సంగతి కనిపించకపోతే ఆ కార్డు పక్కన పెట్టండి. వేదిక ఎక్కే ముందు ప్రశ్నలన్నీ పైకి చదివి ఇంట్లోవారికి వినిపించండి. ఒకసారి వినగానే అర్థం కాని ప్రశ్నను తిరగరాయాలి.

మార్కులు సమానమైతే సంఖ్య జవాబుగా ఉండే ప్రశ్న ఒకటి దాచి ఉంచుకోండి. ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డోర్ఫ్‌లో “సైలెంట్ నైట్” పాటను మొదటిసారి పాడిన సంవత్సరం అడిగి, రెండు జట్లనూ కాగితం మీద రాయమనండి. 1818కి దగ్గరగా రాసిన జట్టు గెలిచినట్లు.