రేడియేటర్ కొనే ముందు గాలి దారి చూసుకోండి

టర్బో పెట్రోల్ కారును రీమ్యాప్ (శక్తి పెంచడానికి ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయించుకున్న వారిలో కొందరికి తరువాత వచ్చే మొదటి ఏప్రిల్‌లోనే ఇంజన్ వేడెక్కే బెడద మొదలవుతుంది. వెంటనే తట్టే ఆలోచన పెద్ద అల్యూమినియం రేడియేటర్ కొనాలని. ఆ ఖర్చు కొన్ని కార్లకు నిజంగానే అవసరం. అయితే నేను గమనించినంతవరకు ఎక్కువ కార్లలో లోపం రేడియేటర్‌లో ఉండదు, దాని గుండా పోవలసిన గాలి పోకపోవడంలో ఉంటుంది. కాబట్టి ముందు కొలిచి, ఆపైన శుభ్రం చేసి, అప్పటికీ తగ్గకపోతేనే కొనాలి.

కొలవడానికి డాష్‌బోర్డులోని ముల్లును నమ్ముకోకూడదు. ఇటీవలి కార్లలో చాలావాటిలో కూలెంట్ (ఇంజన్ వేడిని రేడియేటర్‌కు మోసుకొచ్చే ద్రవం) 80 డిగ్రీల దగ్గర ఉన్నా 105 దగ్గర ఉన్నా ముల్లు మధ్యలోనే నిలిచి ఉండేలా అమర్చి ఉంటుంది. అది కదిలేసరికి ఆలస్యమైపోతుంది. ఓబీడీ2 స్కానర్ (కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే చిన్న పరికరం) ఒకటి కొని ఫోనుకు కలుపుకుంటే అసలు అంకె కనబడుతుంది. ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, జాతీయ రహదారి మీద నిలకడగా 100 కిలోమీటర్ల వేగంతో వెళుతున్నప్పుడు, శ్రీశైలం ఘాట్ వంటి ఎక్కుడు దారిలో, ఆ అంకె ఎంత ఉందో రాసుకోండి. ఎలక్ట్రానిక్ థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే కవాటం) ఉన్న కొన్ని యూరప్ కార్లు తేలికపాటి నడకలో కావాలనే 100 దాటి నడుస్తాయి కనుక, 102 కనబడగానే కంగారు పడనక్కరలేదు. అది అక్కడ నిలిచి ఉందా, ఎక్కుతూనే పోతోందా అన్నదే చూడాలి.

ట్రాఫిక్‌లో వేడెక్కి, కదలగానే చల్లబడితే ఫ్యాన్‌ను, గాలి దారిని అనుమానించాలి. అందుకు విరుద్ధంగా ఊళ్లో బాగానే ఉండి, హైవే మీద వేగం పెరిగే కొద్దీ అంకె ఎక్కుతుంటే కూలెంట్ సరిగా తిరగడం లేదేమోనని అనుమానించాలి. రేడియేటర్ గొట్టాలు లోపల పూడుకుపోయి ఉండవచ్చు, వాటర్ పంపు అరిగి ఉండవచ్చు, పంపు పీల్చుడుకు కింది హోస్ పైపు ముడుచుకుపోతూ ఉండవచ్చు. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే హోస్ పైపులు రాయిలా గట్టిపడి, కూలెంట్ డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగానికి, బ్లాకుకు మధ్య ఉండే సీలు) పోయి ఉండే అవకాశం ఎక్కువ. ఎంత ఖరీదైన రేడియేటర్ వేసినా ఆ జబ్బు నయం కాదు.

గాలికి ఇంత ప్రాధాన్యం ఎందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది. రేడియేటర్ వదిలే వేడి, కూలెంట్‌కు బయటి గాలికి మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. కూలెంట్ 95 డిగ్రీలు ఉండి బయట 20 ఉంటే తేడా 75. రామగుండంలోనో రెంటచింతలలోనో బయట 45 ఉన్నప్పుడు తేడా 50 మాత్రమే. అంటే అదే రేడియేటర్ మన మే నెలలో మూడో వంతు శక్తిని ఊరికే కోల్పోతుంది. ఏసీ నడుస్తుంటే, రేడియేటర్ ముందున్న కండెన్సర్‌ను (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) దాటి వచ్చే గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది కాబట్టి ఆ 50 కూడా మిగలదు. చలి దేశాల వారు రాసిన సలహాలను యథాతథంగా పాటించడం ఇందుకే పనికిరాదు.

ఇక శుభ్రం చేయడం గురించి. బంపర్ విప్పి కండెన్సర్‌కు రేడియేటర్‌కు మధ్య ఉన్న సందును టార్చిలైటు వేసి చూడండి. పురుగులు, వరి పొట్టు, పత్తి నూగు, దుమ్ము కలిసి అక్కడ దుప్పటిలా పేరుకుని ఉంటాయి. పైనుంచి చూస్తే ఇది కనబడదు. వాటర్ సర్వీసింగ్‌లో వాడే ప్రెషర్ గన్‌ను దగ్గరగా పెడితే పల్చని రేకులు (ఫిన్స్) వంగిపోయి మొదటికే మోసం వస్తుంది. మామూలు గొట్టపు ధారతో, వీలైతే ఇంజన్ వైపు నుంచి బయటికి కడగాలి. ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ పగలకుండా, కోర్‌ను (గొట్టాలు, ఫిన్స్ ఉన్న రేడియేటర్ నడిమి భాగం) పూర్తిగా కప్పుతూ ఉండాలి. అది లేకపోతే ఫ్యాన్ తన రెక్కల ఎదుట ఉన్నంత మేరకే గాలి లాగుతుంది. పక్కల ఉండే ఫోమ్ పట్టీలు ఊడిపోతే గాలి రేడియేటర్ గుండా పోకుండా పక్కదారి పడుతుంది. ఎవరైనా వైరింగ్ పని చేసి ఉంటే ఫ్యాన్ తిరగేసి తిరుగుతోందేమో ఒక కాగితం పెట్టి చూడండి. గ్రిల్ వెనక అదనపు హారన్లు, దాని ముందు ఎల్ఈడీ బార్లు బిగించి, ఆ తరువాత కారు వేడెక్కుతోందని ఆటోనగర్ చుట్టూ తిరిగే వారికి చెప్పవలసింది ఒక్కటే: ముందు వాటిని విప్పండి.

రేడియేటర్ మూత చిన్నదే గాని దాని పని పెద్దది. సగం చిక్కని కూలెంట్, సగం నీరు కలిపిన ద్రవం మామూలు పీడనంలో సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, 1.1 బార్ అదనపు పీడనాన్ని మూత పట్టి ఉంచితే ఆ స్థాయి దాదాపు 130కి చేరుతుంది. రబ్బరు ఎండిన మూతను, దాని మీద అచ్చువేసిన అంకే ఉన్న కొత్త మూతతో మార్చండి. వేడి మీద మాత్రం దాన్ని ఎన్నడూ తిప్పవద్దు. థర్మోస్టాట్ పీకేయమనే సలహా మన షెడ్లలో తరచుగా వినబడుతుంది. అలా చేస్తే ఇంజన్ సరైన వేడికి రాక, పెట్రోల్ ఎక్కువగా తాగి, అరుగుదల పెరుగుతుంది. తక్కువ డిగ్రీలకు తెరుచుకునే థర్మోస్టాట్ వేసినా వేడెక్కడం కాస్త ఆలస్యం కావచ్చు గాని రేడియేటర్ సామర్థ్యం పెరగదు.

ఇవన్నీ సరిచేశాక కూడా అంకె దిగకపోతే కొనే ఘట్టానికి వస్తాము. రోజువారీ వాడకానికి, రీమ్యాప్ చేసిన కారుకైనా, కంపెనీ కొలతల్లో వచ్చే నాణ్యమైన రేడియేటరే చాలునని నా అభిప్రాయం. 110 హార్స్‌పవర్ కారు 140 ఇస్తోందంటే అది యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిన కొద్ది సెకన్ల మాట. మిగిలిన సమయమంతా ఇంజన్ పాత వేడినే పుట్టిస్తుంది. ట్రాక్ మీదికి వెళ్లేవారి సంగతి వేరు. అక్కడ ఆ అదనపు 30 హార్స్‌పవర్‌తో పాటు దాదాపు అంతకు దగ్గరగా అదనపు వేడి నిమిషాల తరబడి కూలెంట్‌లోకి చేరుతూనే ఉంటుంది.

పెద్దది ఎంచుకునేటప్పుడు మందం కంటే వైశాల్యానికి మొదటి ఓటు వేయాలి. 50 మిల్లీమీటర్ల మందమున్న కోర్ చూడడానికి ఘనంగా ఉంటుంది గాని, దాని వెనక వరుసలకు అందేది ముందు వరుసలు వేడిచేసిన గాలే. పైగా మందమైన కోర్ గుండా గాలి లాగడానికి పాత ఫ్యాన్ బలం చాలదు. మరీ దగ్గర దగ్గరగా ఉన్న ఫిన్స్ మన దుమ్ముకు తొందరగా పూడుతాయి. రాగి అల్యూమినియం కంటే వేడిని బాగా ప్రసరింపజేస్తుందన్న మాట నిజమే అయినా, ఇక్కడ అడ్డంకి లోహంలో కాదు, గాలి వైపు ఉంటుంది. పైగా అల్యూమినియం బలం వల్ల వెడల్పైన గొట్టాలు పెట్టగలుగుతారు. రేడియేటర్ చివర్లలోని ప్లాస్టిక్ ట్యాంకులు, కోర్‌కు మడిచి బిగించిన చోట వయసుతో పగులుతాయి కనుక, ట్రాక్ కారుకు ట్యాంకులు కూడా అల్యూమినియంవే ఉంటే మేలు. డబ్బు ఇచ్చే ముందు హోస్ పైపుల వ్యాసం, సెన్సర్ చోటు, ఫ్యాన్ బిగించే చెవులు పాతదానితో సరిపోతున్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూడండి. కోసి అతికిస్తే సరిపోతుందనే దుకాణదారు మాటకు తలూపవద్దు.

బిగించే ముందు కొత్తదాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు పుక్కిలించినట్టు కడిగితే తయారీలో మిగిలిన పొడి, లోహపు తునకలు పోతాయి. బోరు నీళ్లు పోయకండి. వాటిలోని లవణాలు గొట్టాల్లో పెచ్చు కడతాయి. కూలెంట్‌ను రంగు చూసి కాకుండా మాన్యువల్‌లో రాసిన రకం చూసి కొనాలి, రెండు రకాలు కలపకూడదు. కూలెంట్ ఎంత చిక్కగా ఉంటే అంత చల్లదనం అనుకోవడం పొరపాటు. అసలు వేడి మోసే శక్తి నీటికే ఎక్కువ, లంబసింగి చలికి కూడా సగం పాళ్లు మించి అక్కరలేదు. నింపేటప్పుడు కారు ముక్కు ఎత్తులో ఉండేలా నిలిపి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, గాలి స్క్రూ ఉంటే వదులు చేసి, లోపలి గాలి మొత్తం పోయేదాకా ఓపిక పట్టాలి. కొత్త రేడియేటర్ వేశాక వేడి తగ్గలేదని ఫిర్యాదు చేసేవారిలో కొందరి కష్టం ఈ గాలి బుడగే. ఆఖరున మల్టీమీటర్ నెగెటివ్ తీగను బ్యాటరీ నెగెటివ్‌కు తాకించి, పాజిటివ్ కొసను కూలెంట్‌లో ముంచి చూడండి, 0.3 వోల్ట్ మించితే ఎర్త్ తీగల్లో లోపం ఉండవచ్చు, అది అల్యూమినియంను లోపలినుంచి తినేస్తుంది.

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకువెళ్లేవారు కూలెంట్‌తో పాటు ఆయిల్ వేడిని కూడా గమనించాలి. అది 130 దాటుతుంటే రేడియేటర్ కంటే ముందు ఆయిల్ కూలర్ కావాలి. ప్రతి విడత చివర ఒక చుట్టు నిదానంగా, పై గేరులో తిప్పి, పిట్‌లోకి వచ్చాక ఇంజన్‌ను ఒకటి రెండు నిమిషాలు నడవనిచ్చి ఆపండి. బానెట్ తెరిచి ఉంచండి. కూలెంట్ మట్టం మాత్రం అప్పుడు చూడకుండా, ఇంజన్ పూర్తిగా చల్లారిన మరునాటి ఉదయం చూసి గుర్తు పెట్టుకోండి.