ఇంజెక్షన్లు మొదలయ్యే ముందే డాక్టరుగారిని అడగండి

నాకు పీసీఓఎస్ (అండాశయాల్లో చిన్న చిన్న నీటిబుడగలు ఎక్కువగా కనిపించే హార్మోన్ల సమస్య) ఉంది. ఐవీఎఫ్ (అండాలను బయటికి తీసి ల్యాబ్‌లో ఫలదీకరణ చేసే చికిత్స) రెండుసార్లు చేయించుకున్నాను. మొదటిసారి ఏ పద్ధతిలో చేస్తున్నారని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. పికప్ (అండాలను బయటికి తీయడం) అయిన నాలుగో రోజుకి కడుపు ఉబ్బి, మూడు కిలోలు పెరిగి, ఆయాసంతో అడ్మిట్ అయ్యాను. రెండోసారి అడగాల్సినవన్నీ నోట్‌బుక్కులో రాసుకుని వెళ్లాను. మీరూ అలాగే వెళ్లండి.

మొదటి పేజీలో మీ వయసు, ఏఎంహెచ్ (అండాల నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష), పీరియడ్స్ రెండో రోజో మూడో రోజో తీసిన స్కాన్‌లో కనిపించిన చిన్న ఫాలికల్స్ (అండాలు పెరిగే నీటి సంచులు) లెక్క రాయండి. ఏఎంహెచ్ పక్కన యూనిట్ చూడండి. ఒక ల్యాబ్ నానోగ్రాముల్లో ఇస్తే ఇంకోటి పికోమోల్స్‌లో ఇస్తుంది. నానోగ్రాముల్లో 1 అంటే పికోమోల్స్‌లో 7 పైనే. మా తోటికోడలి రిపోర్టుతో నాది పోల్చుకుని రాత్రంతా టెన్షన్ పడ్డాను, తీరా చూస్తే యూనిట్లే వేరు.

ఇక పద్ధతులు. లాంగ్ ప్రోటోకాల్ అనే పద్ధతి ముందు నెల పీరియడ్స్ నుంచి లెక్కపెట్టి 21వ రోజు దగ్గర మొదలవుతుంది. మొదట శరీరం సొంత హార్మోన్లను అణిచి, తర్వాత అండాలు పెరిగే ఇంజెక్షన్లు ఇస్తారు. దాదాపు నెల పడుతుంది. యాంటగనిస్ట్ పద్ధతిలో పీరియడ్స్ రెండో, మూడో రోజే ఇంజెక్షన్లు మొదలుపెట్టి, అయిదారు రోజులకి అండాలు ముందే విడుదల కాకుండా ఇంకో ఇంజెక్షన్ కలుపుతారు. పది పన్నెండు రోజుల్లో అయిపోతుంది. చాలామందికి ఫలితం రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. మైల్డ్ పద్ధతిలో లెట్రోజోల్ లాంటి మాత్రలు, తక్కువ డోసు ఇంజెక్షన్లు వాడతారు. మందుల ఖర్చు తగ్గుతుంది, అండాలూ తగ్గుతాయి. ఫాలికల్సే తక్కువగా ఉన్నవాళ్లకి డోసు పెంచినంత మాత్రాన అండాలు పుట్టుకురావు. కాబట్టి ఎక్కువ డోసు రాస్తే ఎందుకో అడగండి.

నాలాంటి పీసీఓఎస్ వాళ్లు, ఏఎంహెచ్ బాగా ఎక్కువ ఉన్నవాళ్లు ట్రిగ్గర్ ఇంజెక్షన్ (పికప్‌కి ముందు అండాలు పక్వానికి రావడానికి ఇచ్చేది) గురించి తప్పకుండా అడగాలి. మామూలుగా ఇచ్చే హెచ్‌సీజీ అనే హార్మోన్ ట్రిగ్గర్ రోజుల తరబడి ఒంట్లో ఉండి అండాశయాలను ఇంకా ఉబ్బిస్తుంది. యాంటగనిస్ట్ పద్ధతిలో అయితే దాని బదులు శరీరం సొంత హార్మోన్‌నే విడుదల చేయించే అగనిస్ట్ ట్రిగ్గర్ ఇవ్వొచ్చు. నాకు మొదటిసారి అయినట్టు అయ్యే ప్రమాదం చాలా తగ్గుతుంది. లాంగ్ ప్రోటోకాల్‌లో ఆ వీలు లేదు, హార్మోన్లను అప్పటికే అణిచేశారు కదా. రెండోసారి నాకు యాంటగనిస్ట్ పద్ధతిలో అగనిస్ట్ ట్రిగ్గరే ఇచ్చారు. సోమవారం రాత్రి పదింటికి ట్రిగ్గర్, బుధవారం పొద్దున పదింటికి పికప్. ఎంబ్రియోలన్నీ (పిండాలు) ఫ్రీజ్ చేసి తర్వాతి నెల గర్భాశయంలోకి ట్రాన్స్‌ఫర్ చేశారు. ఈసారి కడుపు ఉబ్బలేదు.

"ఫాలికల్స్ మరీ ఎక్కువొస్తే ఏం చేస్తారు? అన్నీ ఫ్రీజ్ చేస్తే అదనంగా ఎంతవుతుంది?" ఈ రెండూ మొదటి రోజే అడిగి, జవాబు అక్కడే రాసుకోండి.

పికప్ తర్వాత రోజూ పొద్దున్నే బరువు చూసుకోండి. రోజుకో కిలో చొప్పున పెరుగుతున్నా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా హాస్పిటల్‌కి వెళ్లిపోండి.